రక్తనాళాల ప్లంబర్

మా మల్యాల వైపు స్టెంట్ అనే మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. చదువు రాని అవ్వలు కూడా, ఫలానాయన కరీంనగర్ పోయి రెండు స్టెంట్లు వేయించుకొచ్చిండని, బోరు మోటార్ రిపేర్ గురించి చెప్పినంత మామూలుగా చెప్పేస్తారు. ఛాతీ కోయలేదు, పెద్ద కుట్లు లేవు, చేతి దగ్గరో తొడ దగ్గరో ఒక చిన్న రంధ్రం, రెండు మూడు రోజుల్లో ఇంటికి. మనకి అంత అలవాటైపోయింది. కానీ రక్తనాళాన్ని బయట నుంచి కోయకుండా లోపలి నుంచే బాగుచేయొచ్చని ఒకాయన మొదట అన్నప్పుడు తోటి డాక్టర్లే నవ్వారు. పిచ్చి చార్లీ అని పేరు కూడా పెట్టారు. ఆయన అసలు పేరు చార్లెస్ థియోడర్ డాటర్. మెడిసిన్ చదివేవాళ్లకి ఆయన పేరు మనకి ట్యూరింగ్ పేరు ఎంత తెలుసో అంత తెలుసు. మన బ్రాంచ్ వాళ్లకి తెలియాల్సిన పని లేదు. ఈ ఏడాది మా ఇంటికి వచ్చిన ఒక స్కాన్ రిపోర్ట్ వల్ల నాకు పని పడింది. ఆ రిపోర్ట్ సంగతి తర్వాత చెప్తా, ముందు మనిషి గురించి.

డాటర్ పుట్టింది 1920 జూన్ 14న, అమెరికాలోని బోస్టన్‌లో. పెరిగింది న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో. బళ్లో ఒక తరగతి ఎగరగొట్టి పైకి పంపారు. దాంతో క్లాసులో అందరికన్నా చిన్నగా ఉండేవాడు, ఆటల్లో వీళ్లతో పోటీ పడలేకపోయేవాడు. అలాంటి పిల్లలు ఏదో ఒకటి వెతుక్కుంటారు. ఈయన కొండలెక్కడం వెతుక్కున్నాడు. ఇంకో పిచ్చి, కనిపించిన మెషీన్‌ని విప్పి చూడటం. ఈ రెండూ చచ్చేదాకా వదల్లేదు. అలాస్కా, హవాయి కాకుండా మిగతా అమెరికాలో 14,000 అడుగులు దాటిన శిఖరాలన్నీ తర్వాత రోజుల్లో ఎక్కేశాడు.

డ్యూక్ యూనివర్సిటీలో డిగ్రీ, కార్నెల్‌లో 1944లో మెడిసిన్. అదే ఏడాది న్యూయార్క్ హాస్పిటల్‌లో హెడ్ నర్సుగా ఉన్న పమేలాని పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. రేడియాలజీ తీసుకున్నాడు. 1952లో, అంటే 32 ఏళ్లకే, దేశం ఆ చివర పోర్ట్‌లాండ్‌లో ఉన్న ఒరెగాన్ మెడికల్ స్కూల్ ఆయన్ని పిలిచి రేడియాలజీ డిపార్ట్‌మెంట్‌కి హెడ్‌ని చేసింది. అక్కడే 33 ఏళ్లు ఉండిపోయాడు.

ఆ రోజుల్లో రేడియాలజిస్ట్ పని ఏంటో చెప్పాలి, లేకపోతే ఈయన చేసింది ఎంత తలతిక్క పనో అర్థం కాదు. రేడియాలజిస్ట్ అంటే ఫొటో తీసేవాడు. ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించవు కాబట్టి సన్నటి గొట్టం, అంటే క్యాథెటర్, నాళంలోకి పంపి రంగుమందు వదిలి ఫిల్మ్ తీస్తారు. అదే యాంజియోగ్రామ్. ఎక్కడ మూసుకుపోయిందో ఫిల్మ్‌లో కనపడుతుంది. ఆ ఫిల్మ్‌ని సర్జన్‌కి ఇచ్చేస్తే రేడియాలజిస్ట్ పని ఐపోయినట్టే. కోయడం, కుట్టడం సర్జన్ గారి రాజ్యం. డాటర్‌కి ఇది నచ్చలేదు. గొట్టం ఎలాగూ జబ్బు ఉన్న చోటి దాకా వెళ్లింది కదా, ఊరికే చూసి ఎందుకు వెనక్కి రావాలి? లాగ్ ఫైల్ చూసే పర్మిషన్ మాత్రమే ఇచ్చి, బగ్ కళ్ల ముందు కనిపిస్తున్నా ముట్టుకోవద్దంటే మనకి ఎలా ఉంటుందో ఆయనకీ అలాగే ఉండి ఉంటుందని నా ఊహ.

సామాన్లు కొనుక్కునే దుకాణాలు అప్పట్లో లేవు. గిటార్ తీగలు, కరెంటు వైర్ల మీది తొడుగులు, సెలైన్ ట్యూబులు, వోక్స్‌వాగన్ కారు స్పీడోమీటర్ కేబుల్, ఏది దొరికితే దాంతో క్యాథెటర్లు, గైడ్‌వైర్లు తయారు చేసుకునేవాడు. మనవాళ్లు జుగాడ్ అనే మాటని మన దేశం సొత్తు అనుకుంటారు గానీ, ఒక మెడికల్ ప్రొఫెసర్ కారు కేబుల్ కోసి మనిషి రక్తనాళంలోకి పంపే పరికరం చేశాడంటే ఇంకేం చెప్పాలి. ఒకసారి హృదయ క్యాథెటర్ గురించి లెక్చర్ ఇస్తూ, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడట. లెక్చర్‌కి ముందే తన చేతి నాళం గుండా గుండె దాకా గొట్టం పెట్టుకుని వచ్చి, దాన్ని మెషీన్‌కి తగిలించి, తన గుండెలోని ఒత్తిడిని అక్కడికక్కడ స్క్రీన్ మీద చూపించాడు. సభలో ఉన్నవాళ్ల మొహాలు ఎలా మారాయో ఊహించుకోండి. హెచ్‌ఓడీ ఇలాంటివాడైతే డిపార్ట్‌మెంట్‌లో నిద్ర ఎవరికి పడుతుంది?

1963లో ఒక పేషెంట్‌కి మామూలు యాంజియోగ్రామ్ చేస్తున్నాడు. తొడ దగ్గర నుంచి గొట్టాన్ని పైకి పంపుతుంటే, పూర్తిగా మూసుకుపోయిన నాళం మధ్యలోంచి అది దూరి అవతలికి వెళ్లిపోయింది. అనుకోకుండా దారి తెరుచుకుంది. ఇంకొకరైతే అదృష్టం అనుకుని రిపోర్ట్ రాసి వదిలేసేవారు. ఈయన మాత్రం దాన్ని కావాలని చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది జూన్‌లో చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీలో జరిగిన రేడియాలజీ సభలో, క్యాథెటర్ ఇక చూసే పరికరం మాత్రమే కాదని, రోగం కుదిర్చే పరికరం కాబోతోందని చెప్పాడు.

అదే ఏడాది చివర్లో షికాగోలో రేడియాలజిస్టుల పెద్ద సమావేశం. అక్కడ ఒక చిన్న స్టాల్‌లో బిల్ కుక్ అనే కుర్రాడు బ్లోటార్చ్ మంట మీద టెఫ్లాన్ గొట్టాలు వంచుతూ క్యాథెటర్లు చేసి చూపిస్తున్నాడు. ఇండియానాలోని బ్లూమింగ్టన్‌లో, అపార్ట్‌మెంట్‌లోని ఖాళీ పడకగదిలో ఆయన కంపెనీ అప్పుడే మొదలైంది. డాటర్ వచ్చి చాలాసేపు చూసి, ఆ బ్లోటార్చ్, కొన్ని గొట్టాలు అప్పు ఇమ్మన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి కుక్ ఇచ్చేశాడు. రాత్రి హోటల్ గదిలో కూచుని డాటర్ పది క్యాథెటర్లు చేసి తెల్లారి పట్టుకొచ్చాడు. కుక్ వాటిని ఆ రోజే అమ్మేశాడు! ఈ స్నేహం చాలా దూరం వెళ్లింది. ఎంత దూరమో చివర్లో వస్తుంది.

ఇక 1964 జనవరి 16. పోర్ట్‌లాండ్ ఆసుపత్రిలో 82 ఏళ్ల ముసలావిడ. కాలికి వెళ్లే నాళం తొడలో ఒకచోట బాగా సన్నబడిపోయింది. పాదానికి రక్తం అందక పుండు పడి, వేళ్లు నల్లబడి కుళ్లుతున్నాయి. నొప్పి భరించలేనంత. చూసిన డాక్టర్లందరూ కాలు తీసేయాల్సిందే అన్నారు. ఆవిడ ససేమిరా అంది. చచ్చినా సరే కాలు ఇవ్వనంది. వైద్య చరిత్రలో ఈ మొండితనానికి రావాల్సినంత పేరు రాలేదని నాకు అనిపిస్తుంది. ఆవిడ సరే అని తలూపి ఉంటే సర్జన్ కాలు తీసేసేవాడు, కథ అక్కడితో ఐపోయేది. ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టే ఇక చేసేదేం లేక సర్జన్ డాటర్‌ని చూడమన్నాడు.

డాటర్, ఆయన శిష్యుడు మెల్విన్ జడ్కిన్స్ కలిసి తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నబడిన చోటు గుండా ముందు ఒక సన్నటి తీగ పంపారు. తీగ మీదుగా ఒక టెఫ్లాన్ గొట్టం. దాని మీదుగా ఇంకాస్త లావు గొట్టం. అంతే. బెలూన్ లేదు, స్టెంట్ లేదు. చీపురుపుల్లతో పూడుకున్న పైపుని పొడిచి, తర్వాత కర్రతో పొడిచినట్టు. కొన్ని నిమిషాల్లో పాదం వెచ్చబడి రంగు తిరిగింది. నొప్పి తగ్గింది, పుండు మానింది. ఆవిడ తన రెండు కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికింది, వేరే జబ్బుతో పోయింది. పోయేనాటికి కూడా ఆ కాలు ఆవిడదే.

ఆ నవంబర్‌లో సర్క్యులేషన్ అనే పత్రికలో పేపర్ వచ్చింది. లైఫ్ పత్రిక ఆయన పని చేస్తుండగా తీసిన ఫొటోలు వేసింది. వాటిలో ఆయన కళ్లు పెద్దవి చేసుకుని, సినిమాల్లో పిచ్చి సైంటిస్ట్‌లా కనిపిస్తాడు. పిచ్చి చార్లీ అనే పేరు అలా స్థిరపడింది. అమెరికన్ సర్జన్లకి మొదట్నుంచీ ఒళ్లు మంట. రేడియాలజిస్ట్ వచ్చి మా రోగిని బాగుచేయడమేంటని. ఒక సర్జన్ అయితే యాంజియోగ్రామ్ కోసం పంపిన చీటీ మీద, బొమ్మ తీయి చాలు, బాగుచేసే ప్రయత్నం చేయకు అన్న అర్థం వచ్చేలా పెద్దక్షరాలతో రాసి పంపాడు. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. కానీ వాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. లావు గొట్టం దూర్చితే గోడకి అంటుకున్న చెత్త విడిపోయి కిందికి కొట్టుకుపోవచ్చు, తొడ దగ్గర పెద్ద రంధ్రం వల్ల రక్తం కారొచ్చు. భయానికి కారణాలు ఉన్నాయి. దాని వెనక దాక్కున్న అహం కూడా ఉంది. ఏది ఎంతో కొలవడం కష్టం.

మొత్తానికి అమెరికా పట్టించుకోలేదు. యూరప్ పట్టించుకుంది. జర్మనీలో ఎబర్‌హార్డ్ జైట్లర్ ఈ పద్ధతిని వాడి, నేర్పి, నిలబెట్టాడు. అక్కడ ఈ పనికి డాటరింగ్ అని పేరే పడిపోయింది. ఒక మనిషి పేరు క్రియాపదం అవడం కన్నా పెద్ద అవార్డు ఏముంటుంది! జైట్లర్ దగ్గర నేర్చుకున్న ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ లావు గొట్టానికి బదులు చిన్న బెలూన్ పెట్టి, 1977లో జ్యూరిక్‌లో గుండె నాళాన్నే తెరిచాడు. అప్పుడు గానీ అమెరికాకి తెలివి రాలేదు. 1978లో డాటర్ పేరు నోబెల్‌కి నామినేట్ అయింది. రాలేదు.

నాకు మాత్రం ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది 1969 నాటి ఒక చిన్న పేపర్. తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోతోంది కదా, లోపల ఏదైనా ఆధారం నిలబెడితే? కుక్కల కాలి నాళాల్లో ముందు ప్లాస్టిక్ గొట్టాలు పెట్టి చూశాడు. రక్తం గడ్డకట్టి మూసుకుపోయాయి. తర్వాత స్టీల్ తీగని స్ప్రింగులా చుట్టి పెట్టాడు. వాటిలో కొన్ని రెండేళ్లు దాటినా తెరుచుకునే ఉన్నాయి. దానికి ఆయన పెట్టుకున్న పేరులోనే గ్రాఫ్ట్ అనే మాట ఉంది. అంటే ఆయన మనసులో ఉన్నది నాళాన్ని తెరిచి ఉంచడం ఒక్కటే కాదు, లోపలి నుంచే కొత్త నాళం వేయడం. తర్వాత 1983లో నిటినాల్ అనే నికెల్, టైటానియం మిశ్రమంతో ఇంకో ప్రయోగం. ఆ లోహానికి జ్ఞాపకం ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాన్ని సాఫుగా లాగి గొట్టంలో పెట్టి పంపొచ్చు, లోపల వెచ్చదనం తగలగానే పాత ఆకారం గుర్తొచ్చి మళ్లీ చుట్టుకుంటుంది. ఇప్పుడు వాడే చాలా స్టెంట్లు ఆ నిటినాల్‌వే. ఆ రోజుల్లో ఇవి రెండూ కుక్కల్లో చేసిన ప్రయోగాలుగానే మిగిలిపోయాయి.

ఈ మధ్యలో ఆయన ఒంట్లో బాగుండటం మానేసింది. హాడ్జ్‌కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది, తర్వాత గుండె జబ్బు. జీవితమంతా కత్తి లేకుండా ఎలా అని వెతికిన మనిషికి చివరికి ఛాతీ తెరిచి బైపాస్ చేయాల్సి వచ్చింది. అయినా కొండలెక్కడం మానలేదు, పనికి రావడం మానలేదు. 1985 ఫిబ్రవరి 15న 64 ఏళ్ల వయసులో పోయాడు. ఆ ఏడాది ఈ రంగానికి ఏదో శని పట్టినట్టుంది. ఆయనకి కొన్ని రోజుల ముందు జడ్కిన్స్, ఆగస్టులో గుండె యాంజియోగ్రామ్‌కి ఆద్యుడైన మేసన్ సోన్స్, అక్టోబర్‌లో సొంత విమానం కూలి గ్రూంట్‌జిగ్. నలుగురూ ఒకే ఏడాది.

ఇప్పుడు మా ఇంటి రిపోర్ట్.

మా తాతకి 72 ఏళ్లు. మా వైపు ఆడవాళ్లు బీడీలు చేసి ఇల్లు నడుపుతారని మీకు తెలుసు, మా నానమ్మ కూడా చాట ఒళ్లో పెట్టుకుని చేసింది. తాత మాత్రం తాగాడు, నలభై ఏళ్లకు పైగా. మూత్రం సమస్యకని జగిత్యాలలో అల్ట్రాసౌండ్ తీయిస్తే, అడగని సంగతి ఒకటి బయటపడింది. పొట్టలో బృహద్ధమని, డాక్టర్ల మాటలో అయోర్టా, ఉబ్బి ఉంది. మామూలుగా అక్కడ దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉండే గొట్టం. 3 దాటితే దాన్ని అన్యూరిజం అంటారు. మగవాళ్లకి 5.5 దాటితే బాగుచేయాలని లెక్క. తాతది 5.9. నొప్పి లేదు, ఏమీ లేదు. పొద్దున్నే లేచి పొలం దాకా నడిచి వచ్చేవాడు.

సైకిల్ ట్యూబ్ ఒకచోట పలచబడి ఉబ్బితే ఏమవుతుందో అందరికీ తెలుసు. లెక్క కూడా మనకి తెలిసిందే. మెకానికల్ వాళ్లు చదివే హూప్ స్ట్రెస్. గోడ మీద లాగుడు అంటే లోపలి ఒత్తిడిని వ్యాసార్థంతో గుణించి గోడ మందంతో భాగించడమే. ఉబ్బిన కొద్దీ వ్యాసార్థం పెరుగుతుంది, మందం తగ్గుతుంది, లాగుడు ఇంకా పెరుగుతుంది, ఇంకా ఉబ్బుతుంది. తిరిగి చిన్నదవడం దాని స్వభావంలోనే లేదు. పగిలితే చాలామంది ఆసుపత్రి దాకా కూడా చేరరు. దీన్ని తెచ్చే కారణాల్లో పొగాకు అన్నిటికన్నా ముందుంటుంది. పైపు వదలని ఐన్‌స్టీన్ పోయింది కూడా దీంతోనే. 1948లో న్యూయార్క్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన పొట్ట కోసి, ఉబ్బిన నాళం చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. ఆరేళ్లకు పైగా ఆగి 1955 ఏప్రిల్‌లో పగిలింది. మళ్లీ ఆపరేషన్ వద్దని ఆయనే అన్నాడు.

తర్వాత దారి దొరికింది. పొట్టని పై నుంచి కింది దాకా తెరిచి, అయోర్టాకి క్లాంప్ వేసి రక్తం ఆపి, ఉబ్బిన చోట గుడ్డ గొట్టం కుట్టడం. 1950లలో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఆ గుడ్డ గొట్టాలని తన భార్య కుట్టుమిషన్ మీద స్వయంగా కుట్టాడు. ఆ గుడ్డ డేక్రాన్, అంటే పాలిస్టర్. మన సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది కూడా ఎక్కువగా పాలిస్టరే. రకం వేరు, నేత వేరు, శుభ్రత సంగతి చెప్పక్కర్లేదు. కానీ తాత లోపలికి వెళ్లబోయేది నేసిన పాలిస్టర్ గుడ్డే అని చెప్తే, చీర గుడ్డా అని నానమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

తాత ఊపిరితిత్తులు ఆ పెద్ద ఆపరేషన్‌కి తట్టుకోవని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. తాత అంతకన్నా ముందే వద్దన్నాడు. పొట్ట కోయించుకోను, పోతే పోతా అని మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పోర్ట్‌లాండ్ ముసలావిడ గురించి నేను చదివింది ఆ వారంలోనే.

డాటర్ వదిలి వెళ్లిన దగ్గర్నుంచి అందుకున్నవాళ్లు ఉన్నారు. స్ప్రింగ్ ఒకవైపు, గుడ్డ ఒకవైపు ఉన్నాయి కదా, రెండూ కలిపి మడిచి తొడ దగ్గర నుంచి పంపితే? 1987లో, డాటర్ పోయిన రెండేళ్లకి, సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదొస్ ఛాతీలోని అయోర్టాకి అలాంటి స్టెంట్ గ్రాఫ్ట్ వేశాడు. రాసింది రష్యన్‌లో కాబట్టి పశ్చిమ దేశాలకి చాలాకాలం తెలియనే లేదు. 1990 సెప్టెంబర్ 7న బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోదీ పొట్టలోని అన్యూరిజానికి వేశాడు. ఆ రోగికి కూడా ఊపిరితిత్తులు చెడిపోయి ఉన్నాయి, పొట్ట కోస్తే బతకడు. ఉబ్బు అలాగే ఉంటుంది, దాని లోపల కొత్త గొట్టం ఉంటుంది. రక్తం కొత్త గొట్టంలోంచి వెళ్తుంది కాబట్టి పాత గోడ మీద ఒత్తిడి పడదు. సర్వర్ ఆపకుండా నడుస్తుండగానే ప్యాచ్ వేసినట్టు. 2004లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో, మొదటి 30 రోజుల్లో చనిపోయినవాళ్లు కోసి చేసినవాళ్లలో 4.7 శాతం, లోపలి నుంచి చేసినవాళ్లలో 1.7 శాతం. కొన్నేళ్లు గడిచాక ఈ తేడా కరిగిపోయిందని కూడా అదే పరిశోధన తర్వాత చెప్పింది.

తాత కేసు ఇంత సూటిగా లేదు. ఇక్కడ మన కాకతీయ కాలువని గుర్తు చేసుకోండి. పెద్ద కాలువ కట్ట ఒకచోట బలహీనపడి గండి పడేలా ఉంది. నీళ్లు ఆపకుండా లోపల కొత్త లైనింగ్ వేయాలి. ఉబ్బిన చోటికి పైనా కిందా గట్టి కట్ట ఉంటే లైనింగ్ అక్కడ అతుక్కుంటుంది, సమస్య లేదు. కానీ తూములు ఉన్న చోటే కట్ట ఉబ్బితే? లైనింగ్ వేస్తే తూములు మూసుకుపోతాయి, పొలాలు ఎండిపోతాయి. అయోర్టాకి పొట్టలో అలాంటి తూములు నాలుగు ముఖ్యమైనవి. కాలేయం, జీర్ణాశయం వైపు ఒకటి, పేగులకి ఒకటి, కిడ్నీలకి రెండు. తాత ఉబ్బు సరిగ్గా కిడ్నీ తూముల అంచు నుంచే మొదలవుతోంది. గ్రాఫ్ట్ పట్టుకోవడానికి కింద ఒక సెంటీమీటర్ మంచి గోడ కూడా మిగల్లేదు. ఇలాంటివాటినే కాంప్లెక్స్ అన్యూరిజం అంటారు.

దీనికి చేసేది ఏంటంటే, గ్రాఫ్ట్‌ని ఇంకా పైకి జరిపి, తూములు ఉన్న చోట గుడ్డకి కిటికీలు పెడతారు. ప్రతి మనిషికీ తూములు వేరే వేరే కోణంలో, వేరే వేరే ఎత్తులో ఉంటాయి. కాబట్టి సీటీ స్కాన్‌ని కంప్యూటర్‌లో మూడు కోణాల బొమ్మగా మార్చి, మిల్లీమీటర్ లెక్కన కొలిచి, ఆ మనిషికే ఒక గ్రాఫ్ట్ కుట్టిస్తారు. కొలతల ఫైల్ వెళ్లాక తయారై రావడానికి వారాలు పడుతుంది. కిటికీ చుట్టూ ఎక్స్‌రేలో కనిపించే చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. మడిచిన గ్రాఫ్ట్ పెన్సిల్ కంటే ఒక వీసం లావు ఉంటుంది. తొడ దగ్గర నుంచి పైకి తెచ్చి, సగం తెరిచి, చుక్కల్ని తూములతో సరిపోయేదాకా తిప్పుతారు. తర్వాత ఒక్కో కిటికీ గుండా ఒక్కో తీగ, ఆ తీగ మీదుగా ఒక్కో చిన్న స్టెంట్. తీగ ముందు, గొట్టం తర్వాత. డాటర్ 1964లో చేసిన వరసే. ఒక్క తూము తప్పితే ఒక కిడ్నీ పోతుంది. ఉబ్బు ఛాతీ దాకా పాకిన వాళ్లకి వెన్నుపాముకి రక్తం తగ్గి కాళ్లు పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. చేశాక కూడా ఏటా స్కాన్ తీసి, పక్కల నుంచి లోపలికి కారుతోందా లేదా చూస్తూనే ఉండాలి. చిన్న రంధ్రం అనగానే చిన్న పని అనుకోకూడదని నాకు ఇక్కడే తెలిసొచ్చింది.

ఖర్చు విన్నాక మా బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తయ్యలు, బాబాయి కూచుని లెక్కలేసుకున్నారు. తాతని ఒప్పించే పని నాకు అప్పగించారు, కంప్యూటర్ చదువుతున్నానని. నేను డాటర్ గొట్టం కథ చెప్పాను, పైపు బొమ్మ గీసి కాలువ, తూములు చూపించాను. తాత బొమ్మ చూసి, తూము దగ్గర లైనింగ్ ఎప్పుడూ కారుతదని, తాను కాలువ పని చేసిన రోజుల్లో చూశానని అన్నాడు. ఆ మాట డాక్టర్‌కి చెప్తే ఆయన నవ్వి, అందుకే కిటికీలో స్టెంట్ పెట్టి బిగిస్తామన్నాడు. ఆ జవాబు తాతకి నచ్చినట్టుంది, సరే అన్నాడు. కొలతలు వెళ్లి ఐదు వారాలైంది. గ్రాఫ్ట్ ఇంకా రాలేదు. బీడీ కట్ట మాత్రం దిండు కింద నుంచి పోయింది. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి నానమ్మ ఆయన్ని బిందె కూడా ముట్టనివ్వడం లేదు. రోజూ రెండుసార్లు బీపీ చూస్తుంది, ఫోన్‌లో నాకు నంబర్లు చదివి వినిపిస్తుంది.

డాటర్ దగ్గర రాత్రికి రాత్రి పది క్యాథెటర్లు చేయించుకున్న బిల్ కుక్ సంగతి చెప్తానన్నాను కదా. ఆ పడకగది కంపెనీ పెద్ద కంపెనీ అయింది. 1990ల చివర్లో ఆస్ట్రేలియా డాక్టర్లతో కలిసి ఈ కిటికీల గ్రాఫ్ట్ తయారుచేసిన వాళ్లలో అదీ ఉంది. 2012 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మొదటి కిటికీల గ్రాఫ్ట్ వాళ్లదే. కుక్ అంతకు ఏడాది ముందే, 2011 ఏప్రిల్‌లో పోయాడు. డాటర్ పోయి అప్పటికి 26 ఏళ్లు.

పోర్ట్‌లాండ్‌లో 1990 నుంచి ఆయన పేరు మీద ఒక ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది. ప్రాగ్ నుంచి వచ్చి ఆయనతో కలిసి పనిచేసిన యోసెఫ్ రోష్ దాన్ని మొదలుపెట్టాడు. తాను చేసే పని ఏంటో జనానికి చెప్పడానికి డాటర్ ఒక గుర్తు గీసి పెట్టుకున్నాడు. దాంట్లో గుండె లేదు, స్టెతస్కోప్ లేదు. ఒక పైపు, దానికి అడ్డంగా ఒక పానా.